మందుల చీటీ కూడా ఒక అమానతే

 



దివ్య ఖుర్‌ఆన్‌ రెండవ సూరా అల్‌ బఖరాలో సారాయి గురించి, జూదం గురించి ప్రజలు అడిగిన ఒక ప్రశ్న ప్రస్తావనకు వస్తుంది. 219వ ఆయతులో దానికి జవాబు ఉంది. ఆ రెండింటిలో పెద్ద పాపం ఉందని అల్లాహ్‌ తెలియజేశాడు. వాటిలో జనానికి కొన్ని ప్రయోజనాలు కూడా ఉన్నాయని చెప్పాడు. ఆ ప్రయోజనం కన్నా పాపమే పెద్దదని తేల్చాడు. తరువాతి కాలంలో ఆ రెండూ పూర్తిగా నిషేధించబడ్డాయి.

మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నిషేధం కాబోతున్న వస్తువులో ఉన్న కాస్త లాభాన్ని కూడా అల్లాహ్‌ తన దాసుల నుంచి దాచలేదు. లాభం చెప్పాడు, నష్టం చెప్పాడు, రెండింటిలో ఏది బరువైనదో కూడా చెప్పాడు. మరి రోగి నోట్లో వేసుకునే మందు విషయంలో మనం ఏం చేస్తున్నాం? కొందరు మేలు మాత్రమే చెబుతారు. కొందరు కీడు మాత్రమే చెప్పి భయపెడతారు. చాలామంది ఏదీ చెప్పరు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చీటీ చేతిలో పెడతారు. రోగి కూడా ఏమీ అడగడు. ఈ మౌనం వల్ల మన ఇళ్ళలో ఏం జరుగుతోందో ఈ నెల మాట్లాడుకుందాం.

ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు

పాతబస్తీలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక ఖాలా ఉంటారు. నల్గొండ జిల్లా పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఉర్దూ అర్థమవుతుంది గానీ మనసులోని మాట తెలుగులోనే వస్తుంది. చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. డాక్టరు పొద్దున టిఫినుకు ముందు ఒక మాత్ర, రాత్రి భోజనానికి ముందు ఒక మాత్ర రాశారు. ఆమె ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకునేవారు.

2018లో రంజాన్‌ మే నెల ఎండల్లో వచ్చింది. ఖాలా పొద్దున మాత్రను సెహ్రీకి మార్చుకున్నారు. మోతాదు మాత్రం అదే. రెండు ముద్దలు తిని, మాత్ర వేసుకుని, రోజాకు నియ్యత్‌ చేసుకున్నారు. జుహర్‌ దాటాక చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. మాట తడబడింది. ఇంట్లో వాళ్ళు "రోజా కదా, ఎండ కదా" అనుకుని ఫ్యాను ఆమె వైపు తిప్పారు. కాస్త చక్కెర నీళ్ళు తాగమని కోడలు అంటే, "ఇంకెంతసేపు బేటీ, ఇఫ్తార్‌ అవుతుంది" అన్నారట. అస్ర్‌ వేళకు వుజూకని లేచి మెట్ల దగ్గర పడిపోయారు. ఆసుపత్రికి చేరేసరికి రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. అల్లాహ్‌ దయ, ప్రాణం నిలిచింది. తుంటి ఎముక మాత్రం విరిగింది. అప్పటి నుంచి ఖాలా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నారు. "సజ్దాలో నేల నుదుటికి తగిలి ఎన్నాళ్ళయిందో" అని ఆమె అన్నప్పుడు మాకు జవాబు చెప్పడానికి నోరు రాలేదు.

కొడుకు డ్యూటీ డాక్టరుతో అన్న మాట: "మాకు ఎవరూ చెప్పలేదు." తరువాత, మందు రాసిన డాక్టరు అన్న మాట: "రోజా ఉంటామని నాతో ఎవరూ అనలేదు." మెడికల్‌ షాపు అతని మాట: "చీటీలో ఏముందో అదే ఇచ్చాను." ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఒక ముసలి మనిషి తుంటి విరిగింది. ఇక నాలుగోవారం మేము. రోజూ ఆ గుమ్మం ముందు సలాం చెప్పి మసీదుకు వెళ్ళినవాళ్ళం. ఖాలాకు షుగరని తెలుసు, రోజాలు ఉంటారని తెలుసు. మేమూ ఒక్క మాట అడగలేదు.

షుగరు మాత్రల్లో కొన్ని రకాలు మనం తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను దించుతూనే ఉంటాయి. గ్లిమిపిరైడ్‌, గ్లిబెన్‌క్లమైడ్‌ వంటివి ఆ కోవకు చెందుతాయి. కడుపు నిండా తినే రోజుల్లో అదే వాటి మేలు. పద్నాలుగు పదిహేను గంటలు ఖాళీ కడుపుతో ఉండే రోజున అదే వాటి ప్రమాదం. మందు మారలేదు, రోజు మారింది. ఈ ఒక్క వాక్యం ఎవరైనా ఖాలాకు ఆమె భాషలో చెప్పి ఉంటే!

తెలియకపోతే అడగాలి

హజ్రత్‌ జాబిర్‌ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్‌ హదీసు గ్రంథంలో ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తరువాత అతనికి స్నానం తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌ సరిపోతుందా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉన్నాయి కదా, నీకు ఆ వెసులుబాటు లేదని వారన్నారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఎంతో నొచ్చుకున్నారు. అతని చావుకు వారే కారణమని కఠినంగా మందలించారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. తెలియనితనానికి చికిత్స అడగడంలోనే ఉందని బోధించారు.

ఆ సహచరులు చెడ్డవాళ్ళు కారు. ధర్మం పాటించాలన్న తపనతోనే చెప్పారు. కానీ గాయం మీద నీళ్ళ ప్రభావం ఏమిటో తెలియకుండా తీర్పు ఇచ్చారు. ఈ రోజు మన బస్తీల్లో ఎంతమంది ఇలా తీర్పులు ఇస్తున్నారో చూడండి. "ఆ గోలీ వేసుకోకు, కిడ్నీ పోతుంది." "ఈ సూది వేయించుకో, ఒక్క రోజులో లేస్తావు." "మా బావకు ఇదే మందు పనిచేసింది, నువ్వూ వాడు." చెప్పేవారికి ప్రేమ ఉంది, జ్ఞానం లేదు.

అడగడం రోగి బాధ్యత అయితే, చెప్పడం వైద్యుడి బాధ్యత. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి పూచీదారు అవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన మాట కూడా అబూ దావూద్‌లోనే ఉంది. సలహా అడగబడిన మనిషి దగ్గర ఆ సలహా ఒక అమానతుగా ఉంటుందని కూడా ఆయన నేర్పారు. డాక్టరు ఎదుట కూర్చున్న రోగి తన ప్రాణాన్నే సలహా కోసం ముందు పెడుతున్నాడు. ఇంతకన్నా పెద్ద అమానతు ఏముంటుంది?

మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. పైన పొడి గింజలు, లోపల తడి. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదన్నారు. గమనించండి, ధాన్యం తడవడం ఆ వర్తకుడి తప్పు కాదు. తడిని కింద దాచడమే తప్పు. మందుకు దుష్ప్రభావం ఉండటం ఎవరి తప్పూ కాదు. లోకంలో ఏ మందైనా అంతే. దాన్ని మేలు కింద కప్పిపెట్టడమే తప్పు.

ఇంకొక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) చివరి జబ్బులో ఉన్నప్పుడు ఇంట్లోవారు ఆయన నోట్లో ఒక పక్కగా మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగికి మందంటే అయిష్టం సహజమే కదా అనుకుని వారు పోసేశారు. తేరుకున్నాక ఆయన, వద్దని చెప్పలేదా అని అడిగారు. ఆ సమయంలో లేని హజ్రత్‌ అబ్బాస్‌ (రజి)ను తప్పించి, ఇంట్లో ఉన్న వారందరికీ అదే మందు పోయించారు. హజ్రత్‌ ఆయిషా (రజి) ద్వారా వచ్చిన ఈ ఉల్లేఖనం బుఖారీలో ఉంది. రోగి సైగను కూడా లెక్కలోకి తీసుకోవాలని దీని నుంచి మనం నేర్చుకోవాలి. "ముసలాయనకు ఏం తెలుస్తుంది, పాలలో కలిపి ఇచ్చెయ్యి" అనే ఇళ్ళు ఈ సంఘటనను గుర్తు పెట్టుకోవాలి.

అఫ్జల్‌గంజ్‌ నేర్పిన పాఠం

ఈ విషయంలో మన ఊరికే ఒక చరిత్ర ఉంది. చార్మినార్‌ నుంచి నయాపూల్‌ దాటితే అఫ్జల్‌గంజ్‌. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ప్రాంతంలో అంతకు ముందు అఫ్జల్‌గంజ్‌ ఆసుపత్రి ఉండేది. ఆరవ నిజాం మీర్‌ మహబూబ్‌ అలీ ఖాన్‌ కాలంలో ఎడ్వర్డ్‌ లారీ అనే బ్రిటిష్‌ సర్జన్‌ హైదరాబాదు వైద్య పాఠశాలకు పెద్దగా ఉండేవాడు.

ఆ రోజుల్లో ఆపరేషనుకు మత్తు ఇవ్వడానికి క్లోరోఫామ్‌ వాడేవారు. 1847లో అది వాడుకలోకి వచ్చింది. మత్తు మందులు రాకముందు మనుషులను పట్టుకుని కోసేవారు. కాబట్టి క్లోరోఫామ్‌ చేసిన మేలు చిన్నది కాదు. కానీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు హఠాత్తుగా చనిపోయేవారు. 1848లోనే ఇంగ్లండులో ఒక పదిహేనేళ్ళ అమ్మాయి కాలి గోరు తీయడానికి మత్తు ఇస్తే ప్రాణం పోయింది. ఊపిరి ఆగి పోతున్నారా, గుండె ఆగి పోతున్నారా అని వైద్యులు వాదించుకున్నారు. దీన్ని తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాదులో క్లోరోఫామ్‌ కమిషన్లు కూర్చున్నాయి. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది. రెండో కమిషనుకు లండన్‌ నుంచి లాడర్‌ బ్రంటన్‌ అనే పేరున్న వైద్యుడు వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేశారు. ప్రమాదం ఊపిరికే, ఊపిరిని జాగ్రత్తగా కనిపెట్టుకుంటే గుండెకు భయం లేదని తేల్చారు.

అది పూర్తి నిజం కాదు. మత్తు తేలికగా ఉన్న దశలో కూడా క్లోరోఫామ్‌ గుండె లయను చెడగొట్టి ఉన్నట్టుండి ఆపేయగలదని 1911లో గుడ్‌మన్‌ లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. కాలక్రమంలో ఆ మందు ఆపరేషన్‌ గదుల నుంచి వెళ్ళిపోయింది.

లారీ అబద్ధాలకోరు కాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న అతని పాఠం ఈ రోజుకూ మంచి పాఠమే. కానీ "భయం లేదు" అన్న అతని నిశ్చయం, తనకు తెలిసినదాని కన్నా పెద్దదైంది. మన ఉలమాలు ఎంత పరిశోధించి ఫత్వా ఇచ్చినా చివర వల్లాహు ఆలం అని రాస్తారు. అసలు సంగతి అల్లాహ్‌కే బాగా తెలుసని దాని భావం. వైద్యుడికి కూడా ఈ అదబ్‌ ఉండాలి. "ఈ మందు గురించి ఇంతవరకు తెలిసింది ఇది, మేలు ఇంత, ప్రమాదం ఇంత, ఇలా అనిపిస్తే వెంటనే రండి" అనడం బలహీనత కాదు. అదే నిజాయితీ.

మంచి మందునైనా చెప్పకుండా ఇస్తే

హైదరాబాదు నుంచి గోదావరి వైపు వెళదాం. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ఒక అధ్యయన కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదువుకునేవాళ్ళు. టీకా ఏమిటో, ఎందుకో, ఏం కావచ్చో తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ ఒప్పుకోలు తీసుకున్న తీరును విచారణ సంఘం తప్పుబట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం మరింత గట్టిగా తప్పుబట్టింది.

దీని నుంచి రెండు మాటలు నేర్చుకోవాలి. ఆ టీకా లోకంలో ఎన్నో దేశాల్లో ఆడపిల్లలను కాపాడుతోంది. మందు మంచిదే. అయినా చెప్పకుండా ఇచ్చినందుకు దాని మీద అనుమానం పుట్టింది, ఆ అనుమానం ఏళ్ళ తరబడి నిలిచింది. చెప్పకపోవడం వల్ల రోగికే కాదు, మంచి మందుకు కూడా అన్యాయం జరుగుతుంది.

2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా మన తెలంగాణలో బడులకు వచ్చినప్పుడు, ఫోన్లలో తిరిగిన పుకార్లు మీకు గుర్తుండే ఉంటాయి. పిల్లలు పుట్టకుండా చేస్తుందని ఒకరు, మన పిల్లలకే వేస్తున్నారని ఇంకొకరు. ఆ టీకా అన్ని మతాల పిల్లలకూ వేశారు. అది సంతానాన్ని ఆపదు. నిజానికి గర్భిణికి రుబెల్లా సోకితే కడుపులో బిడ్డకు చెవుడు, గుడ్డితనం, గుండె జబ్బు రావచ్చు. దాన్ని అడ్డుకోవడానికే ఆ టీకా. వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం, కొందరికి ఒంటి మీద దద్దుర్లు ఉండవచ్చు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. ఈ నాలుగు మాటలు ముందే బడిలో, మసీదులో చెప్పి ఉంటే పుకారుకు చోటు దొరికేది కాదు. నిజం ఆలస్యంగా వస్తే, అబద్ధం అప్పటికే ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది.

ఎలా చెప్పాలి?

చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. టీబీ మందునే తీసుకోండి. అందులో రిఫాంపిసిన్‌ అనే మందు ఉంటుంది. అది వాడితే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. కన్నీళ్ళు, చెమట కూడా ఆ రంగుకు తిరగవచ్చు. దీనివల్ల హాని ఏమీ లేదు. కానీ ముందే చెప్పకపోతే? రోగి రక్తమనుకుంటాడు. "ఈ మందు నన్ను చంపేస్తోంది" అని ఆపేస్తాడు. నమాజుకు వుజూ నిలుస్తుందా అని ఒక పక్క బెంగ. ఆరు నెలలు వాడాల్సిన మందు ఆరో రోజున మురుగు కాలువలో పడుతుంది. జబ్బు ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. అదే మందు వల్ల కళ్ళు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఏ మార్పుకు భయపడనక్కర లేదో, ఏ మార్పుకు భయపడాలో రెండూ చెప్పినప్పుడే చెప్పినట్టు.

రెండో సంగతి, లెక్క. 13 దేశాల్లో 12,243 మంది షుగరు ఉన్న ముస్లిములను పరిశీలించిన ఎపిడియార్‌ అనే అధ్యయనం 2004లో వెలువడింది. రెండవ రకం షుగరు ఉన్నవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగిందని అది చెప్పింది. ఈ మాట ఒక్కటే వింటే గుండె ఝల్లుమంటుంది, రోజా మానేయాలనిపిస్తుంది. అదే లెక్కను ఇంకో విధంగా చెప్పవచ్చు. మామూలు నెలల్లో నూరుమందికి అర సారి కన్నా తక్కువగా జరిగేది, రంజాన్‌ నెలలో నూరుమందికి మూడు సార్లు జరిగింది. ఇప్పుడు రోగికి నిజమైన కొలత దొరికింది. భయంతో చచ్చిపోవాల్సినంత పెద్దది కాదు, నిర్లక్ష్యం చేయాల్సినంత చిన్నదీ కాదు. అందుకే "ఎన్ని రెట్లు" అనడం కన్నా "నూరుమందిలో ఎంతమందికి" అనడం న్యాయమైన తూకం. మందు డబ్బాలోని కాగితాల్లో సైతం, అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, "సాధారణం" అంటే నూరుమందిలో ఒకరి నుంచి పదిమంది లోపు అని అర్థం. "అరుదు" అంటే పదివేల మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు. ఆ లెక్క తెలియక "సాధారణం" అన్న మాట చూసి, అందరికీ వస్తుందేమోనని మనం బెదిరిపోతాం.

మూడో సంగతి, ఎవరితో చెప్పాలి? మన ఇళ్ళలో ఆడవారి జబ్బును మగవారే డాక్టరుకు చెబుతారు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్‌ అనే మందును చూడండి. ఫిట్స్‌ను బాగా ఆపుతుంది. కానీ గర్భంతో ఉన్నప్పుడు వాడితే నూరుమంది బిడ్డల్లో సుమారు పదిమందికి పుట్టుకతో లోపాలు వస్తాయి. మామూలుగా ఇది నూటికి ఇద్దరు ముగ్గురు. ఎదుగుదల సమస్యలు ఇంకా ఎక్కువ మందిలో కనిపిస్తాయి. అలాగని భయపడి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్‌ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు. బ్రిటన్‌లో ఈ సంగతి ఏళ్ళ తరబడి ఎంతోమంది తల్లులకు సరిగ్గా చెప్పలేదని 2020లో ఒక ప్రభుత్వ సమీక్ష తేల్చింది. అంత చదువుకున్న దేశంలోనే అలా జరిగితే, భర్త తలుపు దగ్గర నిలబడి భార్య బదులు జవాబులు చెప్పే మన ఇళ్ళలో ఎలా ఉంటుంది? పెళ్ళీడు వచ్చిన కూతురు, నెల తప్పిన కోడలు తన నోటితో తాను డాక్టరుకు చెప్పుకునే వీలు ఇవ్వాలి. ఇందులో పర్దాకు భంగం ఏమీ లేదు.

నాలుగో సంగతి, తెలియని పొట్లాలు. మోకాళ్ళ నొప్పికి, ఉబ్బసానికి పేరు లేని పొడులు, మాత్రలు ఇచ్చేవారు అన్ని బస్తీల్లోనూ ఉన్నారు. రెండు రోజుల్లో నొప్పి మాయం. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. స్టెరాయిడు చెడ్డ మందు కాదు. ఊపిరాడని ఉబ్బసం రోగిని అది బతికిస్తుంది. కానీ కొలత లేకుండా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. చార్మినార్‌ పక్కనే యునానీ వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్న ఊరు మనది. చదువుకున్న హకీము మందు వేరు, పేరు చెప్పని పొట్లం వేరు. మందు పేరు చెప్పడానికి ఇష్టపడనివాడి దగ్గర మందు తీసుకోకండి. ధాన్యపు కుప్పలో చేయి పెట్టడం ప్రవక్త సంప్రదాయమని మరచిపోకండి.

మన ఇంట్లో, మన మసీదులో

డాక్టరు దగ్గర లేచే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేనికి? వాడితే ఎంత మేలు, మానేస్తే ఏమవుతుంది? దీనివల్ల ఏ ఇబ్బంది రావచ్చు, ఏది వస్తే వెంటనే రావాలి? నేను వాడే మిగతా మందులతో, హకీము మందులతో పడుతుందా? ఎన్నాళ్ళు వాడాలి? తరువాత మీరు విన్నది మీ మాటల్లో తిరిగి డాక్టరుకు చెప్పండి. తప్పుంటే అక్కడే సరిదిద్దుతారు. మన మదరసాల్లో పిల్లవాడు పాఠం అప్పజెప్పకుండా ఉస్తాదు ముందుకు పోనివ్వడు కదా! ఇదీ అంతే.

రంజాన్‌ సంగతి రజబ్‌ నెలలోనే డాక్టరుతో మాట్లాడండి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు అడగాలని నిపుణుల సలహా. రోజాలో షుగరు పరీక్షకు వేలిని పొడిస్తే రోజా పోదని చాలామంది ఉలమాల మాట. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 కన్నా పెరిగినా రోజా విరమించాలని డాక్టర్లు చెబుతారు. రోగికి రోజా నుంచి వెసులుబాటు ఇచ్చింది డాక్టరు కాదు, అల్లాహ్‌. అల్‌ బఖరా సూరాలోనే ఆ ఆదేశం ఉంది. అల్లాహ్‌ ఇచ్చిన కానుకను తిరస్కరించి మెట్ల మీద పడిపోవడం భక్తి అనిపించుకోదు.

గొట్టం మాత్రల తొడుగు జెలటిన్‌తో చేస్తారు, హలాలా కాదా అని కొందరికి సందేహం. సందేహం తప్పు కాదు. ఎవరికీ చెప్పకుండా మందు మానేయడం తప్పు. డాక్టరుకు చెప్పండి, చాలా మందులకు వేరే రూపం దొరుకుతుంది. దొరకకపోతే ఆలిమ్‌ను అడగండి. ప్రాణావసరానికి షరీఅత్‌లో దారి ఉంది.

మాత్రల పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. మందు వల్ల ఏదైనా హాని జరిగితే దేశవ్యాప్తంగా నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. 1800-180-3024 నంబరుకు రోగులు కూడా ఉచితంగా ఫోను చేయవచ్చు. మీరు చెప్పే ఒక్క మాట రేపు ఇంకొకరిని కాపాడవచ్చు.

మెడికల్‌ షాపు నడిపే సోదరులారా! చీటీ చూసి ఇవ్వడంతో మీ బాధ్యత తీరదు. కవరు మీద గీతలు గీసి ఇచ్చేటప్పుడు, "చాచా, ఇది తిన్నాకే వేసుకోండి, మత్తుగా ఉంటుంది, బండి నడపకండి" అని ఒక్క మాట చెప్పండి. అమ్మకందారు సరుకులోని లోపం దాచకుండా నిజం చెబితే ఆ బేరంలో బర్కత్‌ ఉంటుందని దైవప్రవక్త (స) నేర్పిన మాట మీ గల్లా పెట్టెకు కూడా వర్తిస్తుంది.

మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపం ఒకటి. షాబాన్‌ నెలలో ఒక జుమా తరువాత బస్తీ డాక్టరును పిలిచి పావుగంట మాట్లాడించండి. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి, డాక్టరు కోసం దూరం వెళ్ళనక్కర లేదు. ఆడవారి వైపు కూడా మాట వినిపించేలా చూడండి. ఇంట్లో మందులు ఇచ్చేది వారే.

సోదర సోదరీమణులారా! ప్రతి జబ్బుకూ అల్లాహ్‌ నివారణను సృష్టించాడని మన విశ్వాసం. మందు ఆయన కానుక. దాని గురించి చెప్పే మాట మన చేతిలో పెట్టిన అమానతు. మేలు పెంచి చెప్పినా, కీడు పెంచి చెప్పినా, రెండూ మింగేసినా ఆ అమానతులో ఖియానతే. రేపు అల్లాహ్‌ ఎదుట "నాకు ఎవరూ చెప్పలేదు" అని రోగి అంటే, "నన్ను ఎవరూ అడగలేదు" అన్న జవాబు మనల్ని ఒడ్డుకు చేరుస్తుందా?

ఈ నెల మీ ఇంట్లో, మీ పక్కింట్లో షుగరు మందు వాడే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. చీటీ తెరిచి, "ఇది దేనికో మీకు చెప్పారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మేము ఖాలాను అడగలేకపోయాం. మీరు ఆలస్యం చేయకండి.

ఓ అల్లాహ్‌! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా వైద్యులకు జ్ఞానాన్ని, ఓపికను, సత్యం పలికే నాలుకను ఇవ్వు. తెలియనిది తెలియదని ఒప్పుకునే వినయాన్ని మా అందరికీ ఇవ్వు. సజ్దా కోసం తపించే మా ఖాలా నమాజును, ఆమె కూర్చున్న చోటు నుంచే స్వీకరించు. ఆమీన్‌.